మనిషి ఉన్న వస్తువు

మా అత్తగారికి చీటీ రాసిపెట్టి ఆఫీసుకు వెళ్ళడమంటే నాకు ప్రతిరోజూ పరీక్షే. ఒకసారి "పాలు కాచి ఫ్రిజ్‌లో పెట్టండి" అని రాశాను. పదకొండింటికి ఫోన్ చేసి, ఫ్రిజ్ ఎందుకో మూలుగుతోందన్నారు. పొయ్యి మీంచి దించిన గిన్నెను దించినట్టే లోపల పెట్టారట. చల్లారాక అని నువ్వు రాయలేదు కదమ్మా అన్నారు, నిమ్మకు నీరెత్తినట్టు. ఇంకోసారి "మూడింటికి బట్టలు తీసేయండి" అని రాస్తే సరిగ్గా మూడింటికి తీసేశారు. అన్నీ తడి బట్టలే. మడతలు మాత్రం ముచ్చటగా పెట్టారు.

ఆవిడకు తెలియక కాదు. నలభై ఏళ్ళు కుట్టుపని చేసిన మనిషి. "కాస్త వదులుగా కుట్టండి" అని చెప్పి వెళ్ళి, వారం తర్వాత అద్దం ముందు నిలబడి గొడవకు దిగినవాళ్ళను ఎంతమందిని చూశారో. అందుకే కాస్త, తగినంత, మామూలుగా అనే మాటల మీద ఆవిడకు పగ. ఆ పగంతా నా చీటీల మీద తీర్చుకుంటారు. పెళ్ళైన కొత్తలో నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. ఇప్పుడు ఆవిడ వంక పెట్టని చీటీ రాసిన రోజు దాన్ని మా ఆయనకు చూపించి మురిసిపోతున్నాను. ఆయన తెలివైనవాడు, అత్తాకోడళ్ళ చీటీల మధ్యకు రాడు.

ఇంతకీ నా ఉద్యోగం కూడా చీటీలు రాయడమే. నగరంలో బస్సులు నడిపే ఒక సంస్థలో, ఏ యంత్రాన్ని ఎలా వాడాలో, ఏ ఫారం ఎలా నింపాలో అందరికీ అర్థమయ్యేలా రాసిపెట్టాలి. పన్నెండేళ్ళుగా రాస్తున్నాను. ఎవరూ చదవరు. చదవకుండానే వాడి, పాడు చేసి, ఆ తర్వాత నాకు ఫోన్ చేస్తారు. అందుకని ఆ సోమవారం మేనేజర్ మేడమ్ పిలిచి, నేను రాసిన ప్రతి మాటా చదివేవాళ్ళు దొరికారని చెప్పగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

ఆ చదివేవాళ్ళు ఎవరంటే ఏఐ ఏజెంట్. అంటే, పని చెబితే తనంతట తానే వివరాలు చదువుకుని, ఆలోచించుకుని చేసుకుపోయే ప్రోగ్రాం. బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువుల వివరాలు చూసే పనిని గురువారం మధ్యాహ్నం నుంచి దానికి అప్పజెబుతున్నారు. దొరికిన ప్రతి వస్తువుకూ డేటాబేస్‌లో ఒక రికార్డు ఉంటుంది. నంబరు, వర్ణన, ఫోటో, దొరికిన తేదీ, ఇప్పుడున్న స్థితి, ఇలా కొన్ని గడులు. ఏ గడినైనా మార్చాలంటే ఒక టూల్ ఉంది. ఆ టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో ఏజెంట్ కోసం నేను రాయాలి. మనమైతే అర్థం కాకపోతే పక్క సీటువాళ్ళను అడుగుతాం. దానికి పక్క సీటు లేదు. కాగితం మీద ఉన్నదే దానికి తెలిసిన లోకం.

పాత ఇంజినీరు వదిలి వెళ్ళిన వివరణ ఒకటే వాక్యం. "రికార్డును తగిన విధంగా మారుస్తుంది." అది చదవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తగిన విధంగా అట. ఎవరికి తగిన విధంగా నాయనా అని, ఎక్కడున్నాడో తెలియని ఆ ఇంజినీరును మనసులోనే నాలుగు దులిపాను. మేడమ్ మాత్రం, నవలలు రాయకండి, మూడు వాక్యాలు చాలు అన్నారు. నేనూ ఒక గంటలో మూడు వాక్యాలు చెక్కాను. ఈ టూల్ రికార్డులో ఒక గడిని మారుస్తుంది. వస్తువు నంబరు, గడి పేరు, కొత్త విలువ ఇవ్వాలి. తప్పుగా ఉన్న వివరాలను సరిచేయడానికి దీన్ని వాడాలి. ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకుని పంపేశాను. ఆ మూడో వాక్యమే నా కొంప ముంచింది.

మంగళవారం ఉదయం డేటాబేస్‌కు ఒక నకలు తీసి, దాని మీద ఏజెంట్‌తో రిహార్సల్ చేయించారు. పది నిమిషాల్లో రెండు వందల చిల్లర రికార్డులు తిరగేసి పొందికైన నివేదిక పంపింది. గొడుగును గొడుగనీ, సంచిని సంచనీ సరిగ్గానే గుర్తుపట్టింది. చివర్లో ఒక పేరా ఉంది. నలభై ఒక్క వస్తువులకు దొరికిన తేదీ ఇంకా పదేళ్ళ తర్వాత రాబోయే రోజుగా ఉందని, రాని రోజున వస్తువు దొరకడం సాధ్యం కాదు కాబట్టి అది తప్పని గ్రహించి, మార్పుల చరిత్రలో ఉన్న మొట్టమొదటి తేదీకి సరిచేశానని రాసింది. అలా సరిచేయగానే నలభై ఒక్కటికీ తొంభై రోజుల గడువు దాటిపోయింది. కనుక, ఆ గడువులోగా ఎవరూ రాని వస్తువును లారీ ఎక్కించి వదిలించుకోవాలన్న మా నిబంధన ప్రకారం, వాటిని శనివారం లారీకి ఎక్కించే జాబితాలో చేర్చింది.

దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. తప్పును సరిచేయమని రాసింది నేనే. అది సరిచేసింది. మా అత్తగారు తడి బట్టలు మడత పెట్టినట్టే.

కానీ ఒకటి కాదు, రెండు కాదు, నలభై ఒక్క తేదీలు పదేళ్ళు ముందుకు ఎలా వెళ్ళాయి? చరిత్ర తెరిచి చూస్తే బుర్ర తిరిగింది. మార్చింది ఒక్కరే. అదీ నిన్నో మొన్నో మొదలైంది కాదు. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి రెండో నెల మొదటి సోమవారం, ఇలా కొన్ని వస్తువుల తేదీలు ఆ రోజుకు జరుగుతూ వచ్చాయి. కొత్తవి చేరుతున్నాయి, కొన్ని వెళ్ళిపోతున్నాయి. పోయిన వారం మాత్రం ఒక్కసారిగా పదేళ్ళకు గెంతాయి. మార్చిన మనిషి పేరు దగ్గర మా బాబాయ్ పేరుంది.

నాకు సొంత బాబాయ్ కాదు. కింది అంతస్తులో, మెట్ల వెనక, దొరికిన వస్తువుల గదిని చూసుకునే పెద్దాయన. డైరెక్టరుతో సహా ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. పిడికి పసుపు దారం చుట్టిన నల్ల గొడుగు ఒకటి ఎండైనా వానైనా ఆయన వెంట ఉంటుంది. గదిలో పై అరల వైపు దాంతోనే చూపిస్తాడు, అందని సంచులను దాని కొక్కెంతోనే లాగుతాడు. ఆ శుక్రవారమే ఆయన రిటైర్మెంటు. పంతొమ్మిదేళ్ళలో సర్వీసు ఫైలులో ఒక్క రిమార్కు పడలేదని ఆయనకు మహా గొప్ప. ఆ మాట అరిగిపోయిన రికార్డులా నెలకోసారైనా మాకు వినిపిస్తాడు. శుక్రవారం సన్మానంలో డైరెక్టరు ఆ ఫైలు పట్టుకుని నాలుగు మాటలు మాట్లాడాలని కూడా ఏర్పాటయింది.

నేను మెట్లు దిగి వెళ్ళేసరికి బాబాయ్ చేతి తొడుగులను జతలు కలుపుతున్నాడు. జత దొరకనివి ఒక డబ్బాలో వేస్తున్నాడు. నలభై ఒక్క తేదీల సంగతి అడిగాను. తేలు కుట్టిన దొంగలా తొడుగులు డబ్బాలో, డబ్బా బల్ల కింద, తాను కుర్చీలో సర్దుకున్నాడు. కంప్యూటర్ పాతదైపోయిందమ్మాయ్, తేదీలు అవే గెంతుతున్నాయేమో అన్నాడు. చరిత్రలో ఉన్న ఆ సోమవారాలన్నీ చదివి వినిపించాను. అప్పుడు లేచి గొడుగుతో చివరి అర వైపు చూపించాడు.

ఆ అర దగ్గరికి అంతకుముందు నేనెప్పుడూ వెళ్ళలేదు. ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గర దగ్గరగా పేర్చిన వస్తువులు. పట్టీ తెగితే చేపల గాలం దారంతో కుట్టిన బడి సంచి. కాడ విరిగితే పిన్నీసు గుచ్చి నిలబెట్టిన కళ్ళజోడు. అడుగున సైకిల్ ట్యూబు ముక్క తొడిగిన చేతికర్ర. చిరిగిన అట్టకు పాత ఎక్స్‌రే ఫిల్మ్ అతికించిన నిఘంటువు. దాని మీద ఎవరివో పక్కటెముకలు లీలగా కనిపిస్తున్నాయి. ఒక గుడ్డబొమ్మకు కుడి చెయ్యి వేరే రంగు బట్టతో ఉంది. ఒక్కటి కూడా పైసా చేయదు. నలభై ఒక్కటీ ఎవరో ఒకరు కూర్చుని బాగు చేసినవే.

"కొత్త వస్తువు పోతే ఇంకోటి కొనుక్కుంటారమ్మా," అన్నాడు బాబాయ్. "బాగు చేసుకున్నదాన్ని ఎక్కడ కొంటారు? దీనికి మనిషి ఉన్నాడు. ఆలస్యమవుతుంది గానీ వస్తాడు."

ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక రేడియోను తొంభయ్యో రోజున లారీ ఎక్కించాడట. మర్నాడే ఒక ముసలాయన వచ్చాడు. రేడియో వెనక మూత పోతే గిన్నె మూతను కత్తిరించి బిగించుకున్నానని, అదే గుర్తు అని చెప్పాడు. మూడు నెలలు ఆస్పత్రిలో ఉన్నానండీ, లేకపోతే ముందే వచ్చేవాణ్ణి, ఏమీ అనుకోకండి అన్నాడు.

"రేడియో పంపేసింది నేను. మన్నించమని అడిగింది ఆయన," అన్నాడు బాబాయ్. గొడుగు పిడి మీద దారాన్ని గోటితో సర్దాడు.

అప్పటి నుంచి బాగు చేసిన జాడ కనిపిస్తే చాలు, రెండు నెలలకోసారి తేదీ జరుపుతున్నాడు. తాను వెళ్ళిపోయాక జరిపేవాళ్ళు ఉండరని, పోయిన వారం పదేళ్ళకు సరిపడా ఒకేసారి జరిపేశాడు. పంతొమ్మిదేళ్ళు గుట్టుగా సాగిన వ్యవహారాన్ని ఆ ఒక్క ప్రేమ బయటపెట్టింది. రెండేసి నెలలు దొంగతనం చేసినన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదు, పదేళ్ళు ఒకేసారి ఎత్తుకెళ్ళబోయి దొరికిపోయాడు.

నా ముందు మూడు దారులు కనిపించాయి. రాసింది రాసినట్టే ఉంచితే శనివారం లారీ ఈ అరను ఊడ్చుకుపోతుంది. ఉన్న సంగతి విప్పి రాస్తే, తేదీలు మార్చినందుకు శుక్రవారం సన్మానానికి ముందే బాబాయ్ ఫైలులో మొదటి రిమార్కు పడుతుంది. ఈ రెండూ కాకుండా, ఇంకా రాని తేదీలున్న వస్తువులను ముట్టుకోవద్దని ఒక్క ముక్క రాసి, ఎందుకో చెప్పకుండా దాటేయొచ్చు. బాబాయ్ మూడోదే అడిగాడు. "నాలుగు రోజులమ్మాయ్. నా పేరు రానీయకు," అన్నాడు. ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి అడిగేసరికి నాకు కాదనాలనిపించలేదు. సరేనన్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, బాబాయ్ సంగతంతా చెప్పి, ఆ ఒక్క వాక్యాన్ని కాగితం మీద రాసి అత్తగారి చేతిలో పెట్టాను. మీరే ఆ ఏజెంట్ అనుకోండి, ఇది చదివి ఏం చేస్తారో చెప్పండి అన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కుట్టు విప్పడానికి ముందు చూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. బల్ల మీద బటన్ల డబ్బా బోర్లించి, ఇవే మీ వస్తువులు అనుకుందాం అన్నారు. నేను కొన్నిటి పక్కన ఇంకా రాని తేదీలు రాసిన చీటీలు పెట్టాను.

చీటీ ఉన్నవాటిని ఆవిడ ముట్టుకోలేదు. బాగానే ఉంది. అప్పుడు నేనే కావాలని, పొరపాటున సంవత్సరం తప్పు పడినట్టు, పగిలిపోయిన ఒక బటన్ పక్కన పదేళ్ళ తర్వాతి తేదీ పెట్టాను. దాన్నీ ముట్టుకోలేదు.

ఇది పనికిరాదు కదత్తయ్యా అన్నాను.

పనికిరాదని నువ్వు రాయలేదు అన్నారు. తర్వాత ఇంకో బటన్ తీసి నా ముందు పెట్టారు. అంచు చీలితే ఎవరో సన్నని తీగ చుట్టి నిలబెట్టిన పాత కోటు బటన్ అది. దాని పక్కన చీటీ లేదు.

"ఇది రేపు దొరికిందనుకో. మీ బాబాయ్ ఉండడు. దీని తేదీ ఎవరు జరుపుతారు?" అని అడిగారు.

నేను ఆ బటన్‌ను దగ్గరికి జరుపుకున్నాను.

"నువ్వు ఈ నలభై ఒక్కటినే కాపాడుతున్నావు. నలభై రెండోదాన్ని లారీ ఎక్కిస్తున్నావు. ఏం చేయాలో చెప్పి ఎందుకో చెప్పకపోతే, చెప్పినంత వరకే చేస్తారమ్మా ఎవరైనా. నేనైనా అంతే కదా," అన్నారు, ఫ్రిజ్ వైపు చూస్తూ.

నిజానికి ఆవిడ మీద నాకు ఆ క్షణంలో కోపమే వచ్చింది. ఒక మంచి మనిషికి నాలుగు రోజులు మేలు చేద్దామంటే చేయనివ్వరు. కానీ ఆ తీగ చుట్టిన బటన్ నా వైపే చూస్తోంది. కాగితం చింపేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. బాగు చేసిన వస్తువు అని రాస్తే, అంటే ఏమిటి అన్నారు. కుట్లు ఉన్నది అన్నాను. చొక్కాకు దుకాణంలో వేసిన కుట్లు ఉండవా అన్నారు. అతుకు ఉన్నది అన్నాను. ఫ్యాషన్ కోసం అతుకులు వేసి అమ్మడం లేదా అన్నారు. అన్నం చల్లారిపోయింది. చివరికి ఇద్దరం కలిసి ఒక వాక్యానికి వచ్చాం. అమ్మినప్పుడు లేని, తర్వాత ఎవరో చేత్తో చేసిన మరమ్మతు జాడ. అది అత్తగారు మూడుసార్లు చదివి, వంక దొరక్క, కాస్త చిన్నబుచ్చుకున్నారు.

బుధవారం పొద్దున్నే మేడమ్ దగ్గరికి వెళ్ళకుండా ముందు కిందికే దిగాను. మాట ఇచ్చి తప్పుతున్నాను కాబట్టి ఆ సంగతి ఆయన మొహం మీదే చెప్పాలి. రాత్రి కూర్చుని రాసిన నాలుగు పేజీలు చదివి వినిపించాను. ఏ గడికి అర్థమేమిటో, ఏ మార్పు వెనక్కి తిప్పగలమో, ఏది తిప్పలేమో అన్నీ ఉన్నాయి. దొరికిన తేదీ అంటే వస్తువు నిజంగా దొరికిన రోజు, దాన్ని ఏ కారణంతోనూ జరపకూడదు, తప్పనిపిస్తే మార్చకుండా గదిలో ఉన్న మనిషిని అడగాలి. స్థితి గడిలో "పంపేశాం" అని పెడితే లారీ తీసుకుపోతుంది, తిరిగి రాదు. చేతి మరమ్మతు జాడ ఉన్న వస్తువు గడువు దాటినా పంపకూడదు, "ఆపిన కారణం" అనే కొత్త గడిలో ఆ జాడ ఏమిటో రాసి ఉంచాలి. ఎందుకంటే, అని ఇంకో పేరా. ఇన్నాళ్ళూ ఈ పని తేదీలు జరిపి చేసేవారని, అందువల్ల పాత రికార్డులలో తేదీలు నిజం కావని కూడా రాశాను. పేరు రాయలేదు. కానీ ఆ గదిలో పంతొమ్మిదేళ్ళుగా ఉన్నది ఒక్కడే.

నలభై రెండో వస్తువు సంగతి చెప్పాను. నేను ఇంకో పదేళ్ళు బతికితే సరిపోదన్నమాట అన్నాడు బాబాయ్. నవ్వబోయాడు గానీ రాలేదు.

"ఆ కొత్తాయన ఇది చదువుతాడా నిజంగా?" అని అడిగాడు. ఏజెంట్‌ను ఆయన మొదటి నుంచీ కొత్తాయన అనే అంటాడు, రాబోయే తన సీటు మనిషి అన్న మర్యాదతో.

"ప్రతి మాటా చదువుతాడు బాబాయ్."

"అయితే ఉండనీ. ఆ రేడియో సంగతి కూడా రాయి. ఎందుకో తెలియాలి కదా." బల్ల సొరుగులోంచి పాత రిజిస్టరు ఒకటి తీసి చంకలో పెట్టుకుని, నాకంటే ముందు మెట్లెక్కాడు.

మేడమ్ నాలుగు పేజీలూ చదివి, మూడు వాక్యాలు చాలన్నాను కదా అనలేదు. ఇది ఎవరు చేశారో నేను అడగాలా అన్నారు. నేనేనండి, నావి అబద్ధపు తేదీలండి అని బాబాయ్ రిజిస్టరును వెనక వైపు నుంచి తెరిచి ముందు పెట్టాడు. గడువు దాటాక వచ్చి వస్తువు తీసుకెళ్ళినవాళ్ళు ముందు పేజీల్లో పడితే లెక్క తేలిపోతుందని వెనక పేజీల్లో సంతకాలు పెట్టించుకున్నాడు. నూట పదిహేడు సంతకాలు. నాలుగు నెలలకు వచ్చినవాళ్ళు, ఏడాదికి వచ్చినవాళ్ళు, ఆరేళ్ళ తర్వాత తండ్రి చేతికర్ర కోసం వచ్చిన ఒకామె. మేడమ్ ఒక్కో పేజీ తిప్పుతూ ఆఖరి సంతకం దాకా చూశారు.

"నన్ను ఒక్కసారి అడిగి ఉండాల్సింది," అన్నారు చివరికి.

"వద్దంటారేమోనని అడగలేదండి," అన్నాడు బాబాయ్.

ఆవిడ నిజంగానే వద్దనేవారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, అందుకే కిటికీ వైపు చూశారు. తర్వాత తీర్పు చెప్పారు. కొత్త గడి ఉంటుంది, నిబంధన మారుతుంది, డైరెక్టరుతో తాను మాట్లాడతారు. రిమార్కు మాత్రం తప్పదు. ఇంకా, రేపు మధ్యాహ్నం ఏజెంట్ పని మొదలయ్యేలోగా నలభై ఒక్క రికార్డులలో నిజం తేదీలూ, ఆపిన కారణాలూ బాబాయే తన చేత్తో, నా కాగితం చూసుకుంటూ ఎక్కించాలి.

అలా నా నాలుగు పేజీల మొదటి పాఠకుడు ఏజెంట్ కాకుండా బాబాయ్ అయ్యాడు. ఒక్క వేలితో కొడుతూ, కాగితం మీద వేలు పెట్టి చదువుతూ, ప్రాణం తోడేశాడు. పదమూడో వస్తువు దగ్గర కొత్త విలువ వేయడం మరిచి బటన్ నొక్కాడు. గుడ్డబొమ్మ వర్ణన మొత్తం చెరిగిపోయింది. ఖాళీగా వదిలితే ఉన్నది ఉన్నట్టే ఉంటుందనుకున్నానమ్మాయ్, నువ్వు రాయలేదు అన్నాడు. మా అత్తగారికి కూడా అందని బొక్క అది. చరిత్రలోంచి వర్ణన వెనక్కి తెచ్చి, ఖాళీ విలువ ఇస్తే పాతది చెరిగిపోతుందని ఒక వాక్యం చేర్చాను. ఇంటికెళ్ళి చెబితే అత్తగారు రెండు రోజులు బాబాయ్ గురించే అడిగారు.

శుక్రవారం సన్మానం జరిగింది. డైరెక్టరు ఫైలు తెరిచి, అందులో ఉన్న ఒకే ఒక్క రిమార్కును అందరి ముందూ చదివారు. అది మేడమ్ దస్తూరీ. "పంతొమ్మిదేళ్ళు తేదీలు తప్పు రాశారు. వస్తువుల విషయంలో తప్పు చేయలేదు." బాబాయ్ తల దించుకున్నాడు. తర్వాత ఎత్తాడు. చప్పట్లు కొడుతున్నవాళ్ళందరినీ ఒకసారి చూసి కూర్చున్నాడు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. శనివారం లారీ వచ్చి వెళ్ళింది. చివరి అర ఎలా ఉన్నది అలాగే ఉంది.

సోమవారం పదింటికి ఏజెంట్ దగ్గర్నుంచి కొత్త రికార్డు వచ్చింది. వస్తువుల గదిలోనే, కుర్చీ వెనక ఒకటి దొరికిందని, కౌంటర్‌లో కొత్తగా వేసిన ఆవిడ ఫోటో తీసి పంపింది. నల్ల గొడుగు. ఆపిన కారణం గడిలో ఏజెంట్ ఇలా రాసింది. "పిడి విరిగితే పసుపు దారంతో చుట్టి కట్టారు. దారం అరిగిన చోట కొత్త దారం కనీసం మూడుసార్లు చుట్టారు. ఇది చేతి మరమ్మతు. గడువుతో సంబంధం లేకుండా ఆపి ఉంచుతున్నాను. దీని మనిషి వస్తారు."

ఫోన్ చేద్దామా అనుకున్నాను. చేయలేదు. ఎండైనా వదలని గొడుగును సన్మానం రోజున మరిచిపోయేంత మతిమరుపు బాబాయ్‌కు లేదని నాకు తెలుసు.

గురువారం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కౌంటర్‌కు ఇవతల, అందరిలాగే వరసలో నిలబడ్డాడు. కబురు అంది నేను కిందికి దిగేసరికి ఆయన వంతు వచ్చింది. గొడుగు పోయిందండి అని చెప్పి, గుర్తులు అడగకముందే ఆ తెర ఇటు తిప్పమ్మా అన్నాడు. ఆపిన కారణం చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇది నువ్వు రాశావా, ఆయన రాశాడా?" అని నన్ను అడిగాడు.

"ఆయనే రాశాడు బాబాయ్."

తల ఊపాడు. గొడుగు చంకలో పెట్టుకుని సంతకం కోసం రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. పంతొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ దాన్ని బోర్లా తిప్పి వెనక పేజీ తెరిచాడు. నూట పదిహేడో సంతకం కింద కలం ఆగింది.

"ఇంక ఇటు అక్కర్లేదు కదూ," అన్నాడు.

రిజిస్టరును తిప్పి, ముందు పేజీలో, ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టాడు.